సూర్యలంక నుంచి సాగర్ దాకా: పిల్లలకు నేల వాలు చూపించడం ఎలా

ఖాళీ పటం చేతికిచ్చి "నల్లమల ఎక్కడ?" అంటే ఎనిమిదో తరగతి పిల్లలు ఇట్టే గీత గీసి చూపిస్తారు. "బుడమేరు వాగు ఎటు పారుతుంది? అటే ఎందుకు?" అని అడిగితే మాత్రం, 2024 వరదలో ఆ నీళ్లు ఇంట్లోకే వచ్చిన విజయవాడ సింగ్‌నగర్ పిల్లలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. భూస్వరూపాల పాఠం పేర్ల పట్టికగా మారిపోయింది. కోస్తా మైదానం, తూర్పు కనుమలు, పీఠభూమి అని మూడు శీర్షికలు, ఒక్కోదాని కింద నాలుగు పేర్లు, పరీక్షలో జతపరచండి. అక్కడితో సరి.

ఈ పాఠంలో అసలు సంగతులు రెండే. నేల ఎంత ఎత్తున ఉంది, అక్కడ పడ్డ నీళ్లు ఎటు పోతాయి. మట్టి రంగు, పంట, ఊరి పేరు, కాలువ వంపు అన్నీ వీటి వెనకే వస్తాయి. ఎత్తూ వాలూ ముందు, పేర్లు తర్వాత అనే వరసలో చెప్పడానికి విజయవాడ, గుంటూరు బడులకు మంచి వీలుంది. కొండల వరస తెగి నది బయటపడే చోటు, డెల్టా మొదలు, నల్లరేగడి, సున్నపురాయి నేల, సముద్రం, ఇవన్నీ బస్సుకు అందే దూరంలోనే ఉన్నాయి.

పేపర్లో వచ్చే నాలుగు అంకెలు

వానాకాలంలో ఏ తెలుగు దినపత్రిక తెరిచినా జలాశయాల మట్టాలు కనిపిస్తాయి. పూర్తిస్థాయి మట్టం శ్రీశైలానికి 885 అడుగులు, నాగార్జున సాగర్‌కు 590, పులిచింతలకు 175, ప్రకాశం బ్యారేజీకి 57.05. ఇవి సముద్ర మట్టం నుంచి లెక్కించిన ఎత్తులు. చాలామంది పిల్లలు (కొందరు పెద్దలు కూడా) 885 అడుగులంటే అంత లోతు నీళ్లున్నాయనుకుంటారు. ముందు ఆ అపోహ తీసేయాలి. అది పోయాక ఈ నాలుగు అంకెలతోనే కృష్ణ నిలువు కోత గీయించవచ్చు.

గ్రాఫు కాగితాన్ని అడ్డంగా పెట్టించి, అడ్డగీత మీద 1 సెంటీమీటరుకు 20 కిలోమీటర్లు, నిలువు గీత మీద 1 సెంటీమీటరుకు 100 అడుగులు తీసుకోవాలి. శ్రీశైలం నుంచి సాగర్ సుమారు 110 కిలోమీటర్లు, సాగర్ నుంచి పులిచింతల 115, అక్కడి నుంచి బ్యారేజీ 85, బ్యారేజీ నుంచి హంసలదీవి దగ్గర సముద్రం ఇంచుమించు 100. మొత్తం 20 సెంటీమీటర్ల పైచిలుకులో పట్టేస్తుంది. పిల్లలు నాలుగు చుక్కలు పెట్టి వాటిని ఏటవాలు గీతతో కలిపేస్తారు. అది తప్పు. ఆ అంకెలు ఆనకట్ట వెనక నిలిచిన నీటి పైమట్టాలు, నది అడుగువి కావు. సాగర్ ఆనకట్ట ఎత్తే 124 మీటర్లు. కాబట్టి గీత మెట్లు మెట్లుగా రావాలి. ఆనకట్ట వెనక బల్లపరుపుగా, ఆనకట్ట దగ్గర ఒక్కసారిగా కిందికి.

మెట్లు గీశాక భాగహారం. సాగర్ నుంచి పులిచింతలకు 415 అడుగుల తేడా, కిలోమీటరుకు మూడున్నర అడుగులు. పులిచింతల నుంచి బ్యారేజీకి కిలోమీటరుకు అడుగున్నర లోపే. బ్యారేజీ నుంచి సముద్రానికి అర అడుగు పైచిలుకు. వాలు తగ్గేకొద్దీ నది జోరు తగ్గుతుంది, జోరు తగ్గితే మోసుకొచ్చిన మట్టిని దింపేస్తుంది. "డెల్టా అంటే ఏమిటి" అనే నిర్వచనం ఇక కంఠతా పట్టించక్కర్లేదు, పిల్లల లెక్కలోంచే వచ్చేసింది. అయితే ఈ గ్రాఫులో నిలువు కొలత అడ్డ కొలత కంటే సుమారు 650 రెట్లు సాగదీసి ఉందని తప్పక చెప్పాలి. చెప్పకపోతే కృష్ణానది జలపాతంలా దూకుతుందనే బొమ్మ మనసులో పడిపోతుంది.

ఇదే లెక్కకు కొనసాగింపు ఇంకొకటి. బ్యారేజీ దగ్గర నిల్వ ఉండేది 3.07 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 2024 సెప్టెంబరులో వచ్చిన వరద గరిష్ఠంగా 11.43 లక్షల క్యూసెక్కులు, అంటే క్షణానికి 11.43 లక్షల ఘనపుటడుగులు. ఖాళీ బ్యారేజీ ఆ వరదకు ఎంతసేపట్లో నిండుతుంది? 307 కోట్లను 11.43 లక్షలతో భాగిస్తే సుమారు 2,686 సెకన్లు, అంటే ముప్పావు గంట. గేట్లన్నీ ఎందుకు ఎత్తేస్తారో, దాన్ని ఆనకట్ట అనకుండా బ్యారేజీ అని ఎందుకంటారో ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది. నీళ్లు దాచుకోవడం దాని పని కాదు, మట్టం పెంచి కాలువల్లోకి మళ్లించడమే దాని పని.

బ్యారేజీ మీదికి తీసుకెళ్తే చూపించవలసింది గేట్ల సంఖ్యను కాదు. ఉత్తరాన ఇంద్రకీలాద్రి, దక్షిణాన సీతానగరం కొండ, మధ్యలో నది. ఎగువనా దిగువనా అంతకంటే వెడల్పుగా పరుచుకునే నదిని ఈ రెండు కొండలు పిండినట్టు చేశాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్టనూ, 1957లో పూర్తయిన 1,223 మీటర్ల ప్రకాశం బ్యారేజీనీ ఇక్కడే కట్టడానికి కారణం అదే. తూర్పుకు తిరిగితే సముద్రం దాకా కొండ అనేదే కనపడదు. కొండల రాయి వయసు వంద కోట్ల ఏళ్లు దాటింది, దిగువన ఉన్న ఒండ్రు మట్టి వయసు వేల ఏళ్లలోనే. అంత తేడా ఉన్న రెండు నేలలు ఒక్కచోట ఆనుకుని ఉండటాన్ని ఫొటోలో చూపించలేం, అక్కడ నిలబెట్టే చూపించాలి.

గుంటూరు అడ్డుకోత

"రాయలసీమ, కోస్తా, ఉత్తరాంధ్ర" అనేవి చరిత్రా పాలనా చేసిన విభాగాలు. భూస్వరూపాలు వాటిని పట్టించుకోవు. ఇందుకు పల్నాడే సాక్ష్యం. లెక్కకు అది కోస్తా, రాళ్లను బట్టి మాత్రం కర్నూలు, కడప సున్నపురాయి నేలలకు దగ్గరి చుట్టం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలూ, దాచేపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలూ, 3,229 మీటర్ల బేలం గుహలూ ఒకే కథలోవి. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదే.

2022 ఏప్రిల్ 4న గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయిన పాత గుంటూరు జిల్లాను సముద్రం నుంచి సాగర్ వైపు అడ్డంగా కోస్తే రాష్ట్రం మొత్తానికి చిన్న నమూనా దొరుకుతుంది. సూర్యలంక ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు. తెనాలి వైపు ఒండ్రు, వరి మాగాణి. గుంటూరు దాటాక నల్లరేగడి, మిరప, పత్తి. ఆపైన సున్నపురాయి మెట్ట. మధ్య మధ్య కొండవీడు, కోటప్పకొండ లాంటి విడి కొండలు. (జిల్లాల గీతలు మళ్లీ మారినా ఈ కోత మారదు. జిల్లా పటాన్ని ఆధారం చేసుకుని భూస్వరూపాలు చెప్పడం ఇందుకే ఇసుకలో పునాది.)

ఎత్తులు ఎక్కడ దొరుకుతాయి? రైల్వే స్టేషను పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది. బాపట్ల, నిడుబ్రోలు, తెనాలి, గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, మాచర్ల, ఈ ఎనిమిది బోర్డుల అంకెలు చాలు. బంధువులున్న పిల్లలు ఫోన్లో ఫొటోలు తెప్పించుకుంటారు. అరకు దారిలో ఉన్న శిమిలిగూడ బోర్డు మీది అంకె సుమారు 996. తెనాలి అంకె పక్కన దాన్ని పెడితే మన్యం ఎత్తు గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఫోన్ యాప్‌లతో మాత్రం జాగ్రత్త. కొన్ని యాప్‌లు విజయవాడలో నిలబడితే మైనస్ 50, మైనస్ 60 మీటర్లని చూపిస్తాయి. ఫోన్ పాడైందనుకోవద్దు. ఉపగ్రహ సంకేతం లెక్కించేది భూమికి ఊహించిన నున్నటి ఆకారం నుంచి ఎత్తును. దక్షిణ భారతం దగ్గర అసలు సముద్ర మట్టం ఆ ఊహా ఆకారం కంటే 70 మీటర్లకు పైగా కింద ఉంటుంది. ఆ సవరణ చేయని యాప్ మైనస్ చూపిస్తుంది, చేసిన యాప్ కూడా పది, ఇరవై మీటర్లు అటూఇటూ అవుతుంది. డెల్టాలో మొత్తం ఎత్తే అంత. కాబట్టి ఇక్కడ ఫోన్‌ను నమ్మడం కంటే స్టేషను బోర్డును నమ్మడమే మేలు.

రాళ్లూ మట్టీ బల్ల మీదికి

అయిదు నమూనాలు తెప్పించాలి. కృష్ణ ఒండ్రు, గుంటూరు నల్లరేగడి, మంగళగిరి లేదా కొండవీడు కొండపాదం ఎర్రమట్టి, సూర్యలంక ఇసుక, పల్నాటి సున్నపురాయి. ఒక్కోటి అరకిలో చాలు. పైన ఉన్న జానెడు మట్టి తీసేసి, దాని కిందది తవ్వాలి. రోడ్డు పక్కన, ఇళ్ల మధ్య తీసిన మట్టిలో కంకర, సిమెంటు కలిసి ఫలితం తారుమారవుతుంది.

లీటరు గాజు సీసాలో మూడో వంతు మట్టి, మెడ దాకా నీళ్లు, చిటికెడు సబ్బుపొడి వేసి అయిదు నిమిషాలు కుదిపి పెట్టాలి. ఇసుక నిమిషంలో దిగుతుంది, మెత్తటి ఒండ్రు రెండు గంటల్లో, బంకమట్టి మర్నాటికి గానీ దిగదు. పీరియడ్ 45 నిమిషాలే కదా అని అప్పుడే కొలిపిస్తే బంకమట్టి పొర అసలు లేనట్టే లెక్క తేలుతుంది. సోమవారం కుదిపి మంగళవారం కొలవాలి. రేగడికి ఇంకో పరీక్ష ఉంది. పది సెంటీమీటర్ల అచ్చులో తడి రేగడి నింపి నీడన ఎండబెడితే కడ్డీ కురచవుతుంది, ఇసుక కలిసిన ఒండ్రు కడ్డీ అంతగా తగ్గదు. వేసవిలో పత్తి చేలు ఎందుకు నెర్రెలిస్తాయో, రేగడి నేలల్లో ఇళ్ల గోడలు ఎందుకు బీటలిస్తాయో ఈ కడ్డీయే చెబుతుంది.

సున్నపురాయి మీద సైన్సు ల్యాబులోని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే బుసబుస పొంగుతుంది. నిమ్మరసంతోనూ అవుతుంది కానీ రాయిని ముందు పొడి చేయాలి. ఇంద్రకీలాద్రి రాయి పొంగదు. అక్కడి కొండల్లో ఉన్నవి ఖొండలైట్, చార్నకైట్ రకాలు. చార్నకైట్ అనే పేరు కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధి రాతిని బట్టి పెట్టినది. మన కొండలకు సమాధి పేరు రావడం పిల్లలకు బాగా గుర్తుంటుంది. ఈ పరీక్షలో తరచూ వచ్చే చిక్కు ఒకటి. పిల్లలు తెచ్చిన "కొండరాయి" పొంగిందంటే అది ఎక్కువసార్లు సిమెంటు పెళ్ల అయి ఉంటుంది. రేగడిమట్టి పొంగితే మాత్రం తప్పు కాదు, అందులో సున్నపు గడ్డలు ఉంటాయి.

ఖాళీగా కనిపించే పటం

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. విజయవాడ, గుంటూరు రెండూ పాత లెక్కలో 65 డి నంబరు పటాల కిందికి వస్తాయి. సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతలు, కాంటూర్లు) నేర్పడానికి ఈ పటం తీస్తే కొండపల్లి, మంగళగిరి దగ్గర రేఖలు ఒత్తుగా కనిపిస్తాయి, కానీ తూర్పు వైపు ఏమీ ఉండదు. రేఖకూ రేఖకూ మధ్య 20 మీటర్ల తేడా ఉన్న పటంలో, మొత్తం ఎత్తే 20 మీటర్లు లేని డెల్టా ఎక్కడ కనిపిస్తుంది? "అక్కడ అంతా సమానం" అని పిల్లలు తేల్చేసుకుంటారు. ఈ పాఠంలో జరిగే పెద్ద నష్టం ఇదే.

దీనికి విరుగుడు కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సును అడుగుల్లో కొలుస్తారు. 5వ కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకు 308 చదరపు కిలోమీటర్లు, 10వ కాంటూరు వరకు 901. కేవలం అయిదడుగులు మట్టం పెరిగితే నీటి విస్తీర్ణం దాదాపు మూడు రెట్లు! వెడల్పాటి పళ్లెంలోనూ నిలువు చెంబులోనూ గ్లాసెడు నీళ్లు పోసి తేడా చూపిస్తే సరిపోతుంది. కాంటూరు అనే మాట మీద కొల్లేటి లంక గ్రామాల వాళ్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. పాఠ్యపుస్తకంలో అది నిర్వచనం, అక్కడ అది చేపల చెరువు ఉండాలా పోవాలా అన్న ప్రశ్న.

బుడమేరు అసలు దారి ఈ కొల్లేరుకే. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడకు ఉత్తరాన పల్లంలోంచి పోయి కొల్లేట్లో కలవాలి. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, వరదలో కొంత భాగాన్ని మళ్లింపు కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపుతారు. కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీరు చేరడానికి చోటుండదు. 2024 సెప్టెంబరు మొదట్లో రెండూ ఒకేసారి పొంగాయి, మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి, నీళ్లు పాత పల్లం వెతుక్కున్నాయి. సింగ్‌నగర్ ఆ పల్లంలో ఉంది.

డెల్టాలో నది పల్లంలో ఉండదు. ఏటేటా ఒండ్రు పోసి తన గట్లను తానే ఎత్తు చేసుకుంటుంది, గట్టుకు దూరంగా పోయేకొద్దీ నేల దిగుతుంది. బందరు, ఏలూరు కాలువల్లాంటి సాగు కాలువలు మెరక మీద నడిచేదీ, మురుగు కాలువలు పల్లంలో నడిచేదీ అందుకే. దీన్ని చూపడానికి 60 సెంటీమీటర్ల ట్రేలో తడి సన్నఇసుక పరిచి, ఒక కొస 3 సెంటీమీటర్లు ఎత్తి, సెలైన్ గొట్టంతో సన్నగా నీళ్లు వదలాలి. కింది కొసలో రెండు వేళ్ల లోతు నీళ్లు నిలిపి ఉంచితే అరగంటలో విసనకర్ర ఆకారం కడుతుంది. ఎత్తు ఎక్కువైనా, నీటిధార లావైనా లోయ కోసుకుపోతుంది తప్ప డెల్టా రాదు. ఇసుక మరీ ముతకైతే నీళ్లు లోపలికి ఇంకిపోతాయి. ఇంటి నష్టం చూసిన పిల్లలు తరగతిలో ఉంటే, వాళ్లను లేపి అనుభవం చెప్పమని అడగకపోవడమే మర్యాద. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు.

ప్లైవుడ్ మీద రాష్ట్రం

ఎత్తుపల్లాల నమూనా ప్రతి బడిలోనూ చేస్తారు, ఎక్కువచోట్ల కొలత లేకుండా చేస్తారు. 1 సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు తీసుకుంటే రాష్ట్రం సుమారు 85 అడ్డం, 72 నిలువు సెంటీమీటర్లు. నాలుగడుగులు మూడడుగుల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద సరిపోతుంది. అదే కొలతలో సుమారు 1,680 మీటర్ల అరమ కొండ ఎత్తు 1.7 మిల్లీమీటర్లే వస్తుంది, అంటే అట్టముక్క మందం. అందుకని నిలువున 20 రెట్లు పెంచి, 1 సెంటీమీటరుకు 500 మీటర్లు పెట్టుకోవాలి. 5 మిల్లీమీటర్ల థర్మోకోల్ షీటు ఒక్కోటి 250 మీటర్లు. అరమ కొండ 3.4 సెంటీమీటర్లు, హార్స్‌లీ హిల్స్ రెండున్నర. చదునుగా ఉంటుందనుకునే హిందూపురం 1.2 సెంటీమీటర్లకు పైగా లేస్తుంది. అక్కడి నేలే 620 మీటర్ల ఎత్తున ఉంది. పీఠభూమి అంటే ఏమిటో పిల్లల వేళ్లకు తగిలేది అప్పుడే. విజయవాడ వంతు అర మిల్లీమీటరు కూడా కాదు. అందుకే డెల్టాకు విడిగా ఇంకో పటం కావాలి, ఈ నమూనాలో ఇరికించకూడదు.

పైపూతకు కిలో పాత పేపర్లు రోజంతా నానబెట్టి, దంచి, పిండి, పావుకిలో మైదా ఉడికించిన జిగురు కలపాలి. పురుగు పట్టకుండా చెంచాడు మైలుతుత్తం వేస్తారు. అది విషం కాబట్టి టీచరే కలపాలి, పిల్లలు తొడుగులు వేసుకోవాలి. రోజుకు అర సెంటీమీటరుకు మించి పొర వేస్తే ఆరేటప్పుడు పగులుతుంది, ఎండలో పెడితే ప్లైవుడ్ వంకర తిరుగుతుంది. ఆయిల్ పెయింటు, రబ్బరు జిగురు థర్మోకోల్‌ను తినేస్తాయి. నీళ్లలో కలిసే రంగులే వాడాలి.

రంగుల దగ్గర పెద్ద పొరపాటొకటి దాగి ఉంది. పటాల సంప్రదాయంలో పల్లానికి ఆకుపచ్చ, ఎత్తుకు గోధుమరంగు. పిల్లలకు ఆకుపచ్చంటే అడవి. ఫలితంగా పెద్దపులుల అడవి నల్లమల బోడిగానూ, వరి పొలాల డెల్టా అడవిగానూ మనసులో స్థిరపడతాయి. ఎత్తుకు గోధుమరంగు ఛాయలు మాత్రమే వాడి, అడవి ఉన్నచోట రంపపు పొట్టు అద్దితే ఈ గొడవ ఉండదు.

మాటల సంగతి

"తూర్పు కనుమలు" అనేసరికి పిల్లలు ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒక గోడ ఊహించుకుంటారు. తెలుగులో కనుమ అంటే అసలు కొండల మధ్య దారి. కృష్ణా గోదావరీ కోసేసిన, ముక్కలు ముక్కలుగా ఉన్న ఈ కొండలకు గోడ అనే ఊహ కంటే ఆ పాత అర్థమే దగ్గర. నేలకు తెలుగులో ఉన్నన్ని మాటలు పాఠ్యపుస్తకంలో లేవు. నది మధ్య లంక, నది చీలిన పాయ, సముద్రంలో కలిసేచోట మొగ, తీరాన ఉప్పు పర్ర, మడ అడవి, మెరక, పల్లం, మెట్ట, మాగాణి, వాగు, వంక, దొరువు. నాగాయలంక, ఏటిమొగ, లంకెవానిదిబ్బ అన్న ఊరి పేర్లే భూస్వరూపాల పాఠం. ఎవరి ఊరి పేరులో నేల దాగుందో ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మంటే ఒక పీరియడ్ నిండిపోతుంది.

తీరరేఖ పొడవు గురించి ఒక చిన్న చిక్కు. పాత పుస్తకాల్లో 974 కిలోమీటర్లు, కొత్త కొలతలో 1,053. సముద్రం సాగలేదు, కొలిచే పద్ధతి సూక్ష్మమైంది. పటం మీద తీరాన్ని ఒకసారి 2 సెంటీమీటర్ల అంగలతో, ఒకసారి అర సెంటీమీటరు అంగలతో విభాగిని పెట్టి కొలిపిస్తే రెండో అంకె పెద్దదవుతుంది. పోటీ పరీక్షలకు ఏ అంకె రాయాలన్న ప్రశ్న పిల్లలు తప్పక అడుగుతారు. అంకెతో పాటు అది ఏ కొలతలోదో రాయడం అలవాటు చేయాలి.

క్షేత్ర పర్యటన దసరా నుంచి సంక్రాంతి లోపు పెట్టుకోవడం మంచిది, మధ్యలో తుపాను హెచ్చరికలు చూసుకుంటూ. సూర్యలంక, మాచర్ల ఒకేరోజు పెట్టుకుంటే పిల్లలు బస్సులో నిద్రపోవడం తప్ప ఏమీ జరగదు. రెండు రోజులు విడిగా వెళ్లాలి, పదిమందికి ఒక పెద్ద ఉండాలి. కృష్ణలో ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు, మోకాలి లోతు నీళ్లలోకి కూడా దింపకూడదు.

పరీక్షలో "తెనాలిలో వరి, గుంటూరు చుట్టూ మిరప, పిడుగురాళ్లలో సున్నపు బట్టీ. మూడింటికీ కారణం రాయండి" అని అడిగితే, "నేల సారవంతం కాబట్టి" అనే జవాబు మూడింటికీ వస్తుంది. దానికి సున్నా వేయాలి. ఒండ్రూ కాలువ నీళ్లూ, తేమ పట్టుకునే రేగడీ, ఆమ్లం వేస్తే పొంగే రాయీ అని రాసినవాళ్లకు అక్షరదోషాలున్నా పూర్తి మార్కులు.